సోలార్ ప్లేట్ల కింద పసుపు

కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా మా తోడికోడలు పసుపు, కుంకుమ పెట్టనిదే ఎవరినీ ముట్టుకోనివ్వదు. పొలం మోటారుకు పెట్టింది, పిండి గిర్నీకి పెట్టింది, కంటి ఆపరేషన్ తర్వాత నాకు వచ్చిన కళ్లజోడు డబ్బాకు కూడా పెట్టింది. మాఘమాసం మొదట్లో మా డాబా మీద సోలార్ ప్లేట్లు బిగించిన రోజు ఆమె ఇత్తడి గిన్నెలో పసుపు తడిపి పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకేమీ వింతగా అనిపించలేదు. ప్లేట్లు బిగించిన మనిషి మాత్రం చేతిలో పానా అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, అద్దం మీద వద్దు. దాని మీద ఏమున్నా కరెంటు తగ్గుతది. కింద ఇనుప కాళ్లకు పెట్టు, సాలు."

"కాళ్లకూ పెడ్త, మొఖానికీ పెడ్త. మొఖానికి బొట్టు లేకుంట కాళ్లకే మొక్కుతరా ఎవలన్న?"

ఆమె స్టూలెక్కి ఒక్కో ప్లేటు అద్దం మీద మూడు వేళ్లతో మూడు అడ్డగీతలు దట్టంగా తీసింది. దిగి వచ్చి ప్లేట్లను మోసే ఇనుప కాళ్లకు, నీడలో ఉన్న భాగాన, అవే గీతలు తీసి బొట్లు పెట్టింది.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే దారిలో ఉంది. నేను బోధన్‌లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా వారు పోయాక మరిది, తోడికోడలు, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. సుద్దముక్క పట్టడం మానేశాను గాని లెక్క మానలేదు. పాలు, వాన, మందులు, దేనికైనా తేదీ వేసి రాసుకోకపోతే నాకు రోజు ముగిసినట్టు ఉండదు. అందుకే ప్లేట్లు వచ్చిన మొదటి రోజు నుంచి పొద్దుగూకే వేళకు మెట్ల కింద మీటరు చూసి, ఆ రోజు ఎన్ని యూనిట్లు పుట్టాయో వంటింటి క్యాలెండరు గడిలో వేయడం నా పని అయింది.

ఆ ప్లేట్లు మా తోడికోడలు పట్టుబట్టి పెట్టించుకున్నవి. మా పొలం సగం చెరకు, సగం పసుపు. పసుపు పంటలో ఎక్కువ భాగం ఉడకబెట్టి, పొలంలోనే కొమ్ములుగా ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపుతాం. అందులోంచి ఏటా కొన్ని బస్తాలు మా తోడికోడలు తనకని ఉంచుకుంటుంది. ఉడికించి, పలచని ముక్కలు కోసి, డాబా మీద ఎండబెట్టి, ఇంట్లోని గిర్నీలో పొడి పట్టి నిజామాబాద్‌లో ఒక కిరాణా దుకాణానికి వేస్తుంది. చెరకు ఎప్పుడు కొట్టాలి, ఎరువు ఎంత వేయాలి అన్నవన్నీ మా మరిది చూసుకుంటాడు. ఆమె మాట చివరి మాటగా చెల్లేది ఈ పొడి దగ్గర ఒక్కటే. గిర్నీకి ఇంట్లోనే కరెంటు పుడితే పని పెంచుకోవచ్చని ఆమె ఆశ.

అయితే కిందటేడు దుకాణంలో ఒక మాట పడింది. పొడి వెలిసినట్టు ఉందని, కొనేవాళ్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేస్తున్నారని దుకాణం భాయ్ చెప్పాడు. "ఈసారి గూడ గిట్లనే ఉంటె వేరేకాడ తీసుకుంట. ఏమనుకోకు అక్కా" అన్నాడు. ఆమె ఆ మాట ఇంట్లో నాకొక్కదానికే చెప్పింది. కాని మా మరిదికి ఎలాగో తెలిసింది.

ఇప్పుడు ప్లేట్లు డాబాలో మూడొంతుల జాగా ఆక్రమించాయి. మనిషి నిలబడేంత ఎత్తున ఇనుప కాళ్ల మీద ఉన్నాయి గాని, వాటి కిందంతా నీడ. పసుపు ఆరబోసే చోటు లేకుండా పోయింది. బిగించేటప్పుడు మా ముగ్గురిలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. మా మరిది రెండో రోజు పైకెళ్లి చూసి వచ్చి నవ్వాడు.

"డాబ ఒక్కటే గద. కరెంటు పండిస్తవా, పసుపు ఎండవెడ్తవా? ఏదో ఒకటి జెప్పు. ప్లేట్లు వాపస్ తీస్కపొమ్మంట, లేకుంటె నీ పొడి దుకాణం బంద్ జెయ్యి."

పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా ఆమె చూడలేదు.

పది రోజుల తర్వాత నేను తడిబట్ట పట్టుకుని డాబా ఎక్కాను. ఆ రోజుల ఎండకు నేను వేసుకున్న అంచనా కంటే మీటరు కొంచెం తక్కువ చూపిస్తోంది. పసుపు గీతలు తుడిస్తే లెక్క సరిపోతుందేమో చూద్దామనుకున్నాను. స్టూలెక్కి చూస్తే ప్లేట్ల మీద పసుపు గీతలు పసుపు రంగులో లేవు. ముగ్గుపిండితో తీసినట్టు తెల్లగా ఉన్నాయి. దిగి, నీడలో ఉన్న ఇనుప కాళ్లు చూశాను. అక్కడి పసుపు ఆ పొద్దుటే పెట్టినంత పచ్చగా ఉంది. ఒకే రోజు, ఒకే గిన్నె, ఒకే చేయి. తేడా ఉన్నప్పుడు కారణం ఉండి తీరాలి. నేను తోడికోడలిని పైకి పిలిచాను.

"పైన వేరే పసుపు పెట్టినవా చెల్లె?"

"ఒక్కటే గిన్నె అక్కా. పైది ఎండకు ఎలిసింది. పెండ్లిల నలుగు బట్టలకు పసుపు అంటితె పిండి ఎండల ఏస్తం గద, సబ్బుకు పోనిది ఎండకు పోతది. గట్లనే."

ఆ మాట ఆమె ఎంతో మామూలుగా అంది. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా దిక్కున నలుగు బట్టలు ఉతకని ఆడమనిషి ఉండదు. ఎండ పసుపు రంగును తినేస్తుందని అందరికీ తెలుసు. ఆ తెలిసినవాళ్లమే పసుపు ముక్కలను ఏరి కోరి మిట్టమధ్యాహ్నపు ఎండలో, పలచగా, ఏ ముక్కా మరో ముక్క చాటున పడకుండా పరుస్తాం. ఎండ ఎంత తగిలితే రంగు అంత తేలుతుందంటాం. బట్టలు ఆరేసే తీగ దగ్గరి తెలివిని రెండడుగుల దూరంలోని చాప దాకా ఎవరూ తెచ్చుకోలేదు.

"మరి నా ముక్కలు కిందటేడు..." అని ఆమె ఆగింది.

నేను కిందికి దిగి, నాతో కలిసి పనిచేసిన సైన్స్ టీచరుకు ఫోన్ చేశాను. ఆమె నిజామాబాద్‌లో అహ్మదీ బజార్ దగ్గర ఉంటుంది. స్టాఫ్‌రూంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరం బాగా వాదించుకునేవాళ్లం.

"టీచర్, ఎండల ఏది పసుపు రంగును చెరుపుతది?"

"ఇన్నేండ్లకు లెక్కల టీచరమ్మకు సైన్స్ యాదికొచ్చిందా?"

"జవాబు చెప్పు. మార్కులు తర్వాత ఏస్త."

ఆమె నవ్వి, పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పింది. ఎండలో మన కంటికి కనిపించే రంగులతో పాటు, ఊదా రంగుకు అవతల కంటికి ఆనని వెలుగు ఒకటి ఉంది. పుస్తకంలో అతినీలలోహిత కిరణాలంటామే, అవి. నేల దాకా వచ్చే ఎండ శక్తిలో వాటి వాటా వందలో ఓ ఐదు పాళ్లు, అంతే. కాని వెలుగు నూకల్లా చిన్న చిన్న మోతాదులుగా వస్తుంది, ఆ కిరణాల్లో ఒక్కో మోతాదు బలం ఎక్కువ. పసుపుకు రంగునిచ్చే పదార్థానికి తగిలితే దాన్ని విరిచేస్తుంది. నీలం, ఊదా వెలుగులు కూడా కొంత చెరుపుతాయి గాని అంత పదునుగా కాదు.

"అట్లయితె మా ప్లేట్లకు గా కిరణాలే ఎక్కువ కరెంటు ఇస్తయా? బలమున్నవే గద."

"గక్కడనే అందరు తప్పుతరు టీచర్. ప్లేటుకు కావలసింది ముఖ్యంగా కంటికి కనవడే వెలుగు, ఎరుపుకు అవతలిది కొంత. అతినీలలోహితం తగిలినా, దాని బలంల ప్లేటు వాడుకునేది కొంచెమే, మిగిలింది వేడై పోతది. పైంగ లోపలి ప్లాస్టిక్ పొరను పచ్చవడగొడ్తది. అందుకే అద్దం, దాని కింది పొర కలిసి దాన్ని చాలావరకు ఆడనే ఆపుతయి. మన తోలుకు అదెంత చేటో ప్లేటుకూ అంతే."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నేను అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. వందలో ఐదు పాళ్లంటే నా క్లాసులో పిల్లలు లెక్కల్లో వదిలేసే వాటా. ఆ ఐదు పాళ్లు మూడు వేళ్ల గీతలను పది రోజుల్లో తెల్లగా చేశాయి. ఆ వాటాను ఏళ్ల తరబడి నెత్తిన మోయగల వస్తువును మనుషులు తయారు చేశారు. ఎండలో తనకు పనికొచ్చేది ఏది, గుమ్మం దగ్గరే ఆపాల్సింది ఏది అని తేల్చుకుని మరీ చేశారు. నేను లెక్కలు చెప్పిన కాలమంతటిలో ఇంత శుభ్రంగా చేసిన తీసివేతను చూడలేదు.

మా మరిది అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. "ఒల్లు సుర్రుమంటె కరెంటు దండిగ రావాలె గద వదినె" అన్నాడు. క్యాలెండరు చూపించాను. చలిగాలి వీస్తూ ఆకాశం తేటగా ఉన్న రోజుల గడుల్లో అంకె పెద్దది. ఒళ్లు చురుక్కుమన్న రోజుల గడుల్లో కొంచెం చిన్నది. ప్లేటుకు వెలుగు కావాలి, సెగ కాదు. అతను రెండు గడులూ చూసి, "గీ క్యాలెండర్ గూడ నీ దిక్కే ఉంటది" అని వెళ్లిపోయాడు.

మర్నాడు మా తోడికోడలు నన్ను డాబా మీదికి తీసుకెళ్లి ప్లేట్ల కింద నిలబెట్టింది. పైన ప్లేట్లు వేడెక్కి కిందికి సన్నటి సెగ కొడుతున్నాయి. రెండు పక్కల నుంచి గాలి ఆడుతోంది.

"అక్కా, నీడ. గాలి. గోరువెచ్చగ. ఈడ ముక్కలు ఎండవా?"

ఎండుతాయో లేదో ఊహించాల్సిన పని లేదు, తూకం వేయవచ్చు. ఒకే ఉడుకు నుంచి, ఒకే మందాన కోసిన ముక్కలను రెండు తట్టల్లో సమానంగా తూచి, ఒకటి మిగిలిన కాస్త డాబా ఎండలో, ఒకటి ప్లేట్ల కింద పెట్టాం. రోజూ సాయంత్రం నేను రెండు తట్టలూ తూచాను. వరసగా రెండు రోజులు తూకం తగ్గకపోతే ఎండినట్టు అని నియమం పెట్టాను. ఎండలోది ముందు ఎండింది. నీడది ఇంకో మూడు రోజులు ఎక్కువ తీసుకుంది. విరిస్తే రెండూ టప్పుమన్నాయి. ఆమె రెంటినీ విడివిడిగా దంచి, తెల్ల గుడ్డ మీద పక్కపక్కన పోసింది. ఎండలోది శనగపిండిలా ఉంది. నీడది చూసి ఆమె వేలితో తాకి, ఆ వేలిని చీర చెంగుకు తుడుచుకోబోయి మానేసింది.

ఒక్క లోపం కనబడింది. నీడ తట్టలో అంచున ఉన్న ముక్కలు కాస్త పాలిపోయాయి. మళ్లీ ఫోన్ చేశాను. ఆ కిరణం ఆకాశమంతా చెదిరి అన్ని దిక్కుల నుంచి వస్తుందని, చెట్టు నీడన కూర్చున్నా మొహం కమిలేది అందుకేనని సైన్స్ టీచరు చెప్పింది. మా తోడికోడలు పాత నేత చీరలు తీసి ప్లేట్ల చుట్టూ కట్టింది. గాలికని కింద మూరెడు వదిలింది.

మా మరిది కింద నుంచి తలెత్తి చూశాడు. "ఇల్లా, నాటకాల టెంటా? టికెట్లెంతకు అమ్ముతున్నవు?"

"నీకు పుక్కట్నే. అచ్చి కూసో" అంది ఆమె పైనుంచి.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకైతే చేతనయ్యేది కాదు. ఒక్క తట్ట ప్రయోగం మీద, ఆ ఏటికి తనకున్న పసుపంతా ఉడికించి, ముక్కలు కోయించి, మొత్తం ప్లేట్ల కింద పరిచేసింది. సగం ఎండలో వేసుకో, పాడైనా సగం మిగులుతుందని నేను చెప్పాను. "సగం ఎలిసింది, సగం మంచిది తీస్కపోతె భాయ్ ఎలిసిందే సూస్తడు అక్కా" అంది.

మూడో రోజు మబ్బు పట్టింది. చెరకు లారీలు బురద చిమ్ముకుంటూ పోయేంత వాన. ప్లేట్ల సందుల్లోంచి కారే నీళ్లకు టార్పాలిన్ కట్టాం. కాని గాలిలో తేమను ఏం చేస్తాం? ముక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. అలాంటి వేళ ఒక్క రాత్రిలో బూజు పట్టవచ్చు. ఆమె ఇంట్లోని రెండు టేబుల్ ఫ్యాన్లు పైకి మోసుకెళ్లి తట్టల వైపు తిప్పింది. మీటరు చూశాను. మబ్బులో కూడా ప్లేట్లు కొంత ఇస్తున్నాయి. ఆ కొంత ఆ ఫ్యాన్లకు సరిపోయింది.

వాన వెలిశాక ఎండ గట్టిగా కాసింది. మా మరిది ఈసారి ఎగతాళి చేయలేదు. మెట్ల మీద నిలబడి నిదానంగానే అన్నాడు.

"ఒక్కరోజు బయట ఎయ్యి. రంగు పోతె పోయింది, మాల్ అన్న దక్కుతది. బూజు వట్టిందంటె పశువులు గూడ ముట్టయి."

అందులో న్యాయం ఉంది. నా దగ్గర తూకాలున్నాయి. మబ్బు రోజుల్లో కూడా బరువు రోజూ కొద్దిగా తగ్గుతూనే వచ్చింది, అంటే నీరు పోతూనే ఉంది. ఆ సంగతి చెబుదామని నేను పైకెళ్లేసరికి ఆమె ఒక్కో తట్ట దగ్గర వంగి, ముక్కలు చేత్తో కలిపి, వాసన చూస్తోంది. చివరి తట్ట దాకా చూసింది.

"బూజు వాసన లేదు. బయటకు తియ్య, ఈడనే ఉంచుత" అంది.

నా లెక్క అడగలేదు. నేనూ చెప్పలేదు. దాన్ని ఆ సాయంత్రం క్యాలెండరులో రాసుకుని ఊరుకున్నాను.

ముక్కలు ఎండాయి. గిర్నీ పట్టాం. పొడిని మూటల్లో కట్టుకుని, బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్ వెళ్లాం. దారంతా ఆమె మూటను ఒళ్లోంచి దించలేదు. దుకాణంలో జనం ఉన్నారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకాయన మిరపకాయలకు మరాఠీలో బేరం చేస్తున్నాడు. భాయ్ మమ్మల్ని చూసి మర్యాదగా నాకు కుర్చీ వేశాడు గాని, మూట వైపు చూడలేదు.

"కూసోండి అమ్మా. చాయ్ తాగుతరా?" అని నన్నడిగి, ఆమెతో "అక్కా, ఈసారి నేను వేరేకాడ చెప్పిన ఉండె..." అని నసిగాడు.

"తీసుకోకు. సూడు" అని ఆమె మూట విప్పింది.

అతను చిటికెడు తీసి అరచేతిలో రాసుకున్నాడు. దుకాణంలోని లైటు వెలుగును నమ్మక గడప బయటికెళ్లి చూశాడు. వాసన చూశాడు. లోపలికి వచ్చి తెల్ల కాగితం మీద ఇంకొంచెం పోసి వేలితో పరిచాడు.

"రంగేమన్న కలిపినవా అక్కా?"

"కలిపిన. నీడ కలిపిన."

అతను నా వైపు చూశాడు. నేను టీచరునని అతనికి తెలుసు, అతని తమ్ముడు నా దగ్గర చదివాడు. ఏమీ కలపలేదని, కావాలంటే పరీక్షకు పంపించుకొమ్మని చెప్పాను. అతను ఇంకో చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

"ఎంత తెచ్చిన్రు? అంతా దించుండ్రి" అని కుర్రవాళ్లను పిలిచి, అలవాటుగా ఒక పెద్ద గాజు బర్ణి తెప్పించాడు. అందులో పొడి నింపి, దారిన పోయేవాళ్లకు కనబడేలా దుకాణం ముందు గట్టు మీద పెట్టబోయాడు. ఆ గట్టు మీద పడమటి ఎండ పడుతోంది.

కిందటేడు ఇదే దుకాణంలో తలెత్తకుండా నిలబడిన మా తోడికోడలు లేచి ఆ బర్ణి మీద చేయి వేసింది.

"ఈడ వెట్టకు భాయ్."

"కనవడాలె గద అక్కా. కనవడకుంటె ఎవలు కొంటరు?"

"కనవడెటందుకు చిన్న గిన్నెల చారెడు పొయ్యి, రోజు మార్చు. తక్కింది డబ్బల పోసి లోపట వెట్టు. నీ అద్దం కొంచెం ఆపుతది గాని అంత ఆపది. పది రోజులైతె మల్ల ఎలిసిందని నా మీద వెడ్తవు. లోపట వెట్టెటట్టుంటెనే ఇస్త, లేకుంటె మూట గట్టుకొని పోత."

భాయ్ బర్ణిని రెండు చేతులతో ఎత్తి, నవ్వకుండా, చింతపండు బుట్టలు దాటుకుని దుకాణం లోపలి చీకటి మూలకు తీసుకెళ్లాడు. ఆమె వెనకే వెళ్లి, అతను పొడిని డబ్బాలో పోశాక మూత సరిగా పడిందో లేదో నొక్కి చూసింది.